రేటులో దాగిన కమీషను

మిరపకాయల టిక్కీలు లారీకెత్తి గుంటూరు యార్డుకు పోయివచ్చిన పల్నాటి రైతు నెవరినైనా అడిగి చూడండి. "క్వింటాలు ఎంతకు పోయింది?" అంటే వెంటనే ఒక అంకె చెబుతాడు. "చేతికెంత వచ్చింది?" అంటే మాత్రం ఒక్క క్షణం ఆగి రెండో అంకె చెబుతాడు. ఈ రెండు అంకెల నడుమ కమీషను, హమాలీ, కాటా కూలీ, మచ్చు, తరుగు అనే పేర్లతో ఒక పెద్ద మొత్తం కూర్చుని ఉంటుంది. రైతుకు ఈ విద్య ఏ కళాశాలా నేర్పలేదు. దెబ్బలు తిని నేర్చుకున్నాడు.

అదే రైతు కొడుకు ఫీజు కట్టడానికి బ్యాంకుకు పోయి డాలర్లు కొనేటప్పుడు మాత్రం ఆ రెండో ప్రశ్న మరచిపోతున్నాడు. "సర్వీసు చార్జీ ఎంతండీ?" అంటాడు. "అయిదొందలే" అని జవాబు వస్తుంది. సంతోషించి సంతకం పెట్టి వచ్చేస్తాడు. ఆ అయిదొందల వెనుక పదిహేను వేలు పోవచ్చుననే సంగతి అక్కడి రసీదులో విడిగా కనబడదు. ఈ వ్యాసం ఆ పదిహేను వేలను గురించి.

విదేశీ నాణెం పల్నాటికి కొత్తది కాదు. వినుకొండలో రోమను బంగారు నాణేలు దొరికాయి. ఆ రోజుల్లో మన సరుకు అటు పోయి బంగారం ఇటు వచ్చేది. ఇప్పుడు నరసరావుపేట, మాచర్ల, గురజాల, పిడుగురాళ్ళ నుంచి పిల్లలు అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, జర్మనీలకు చదువులకు పోతున్నారు. మొదటి ఏడాది రెండేళ్ళూ సొమ్ము ఇటునుంచే అటు పోవాలి. ఒక తరం క్రితం ఇది ఊహకందని మాట. 1960లలో దేశం విడిచి వెళ్ళిన పెద్దలు జేబులో ఎనిమిది డాలర్లతో విమానమెక్కామని చెప్పుకుంటారు. 1973 నాటి ఫెరా చట్టం విదేశీ మారకాన్ని ఇనపపెట్టెలో పెట్టి తాళం వేసింది. 2000 జూన్ 1 నుంచి దాని స్థానంలో ఫెమా చట్టం అమలులోకి వచ్చాక తాళం కొంచెం వదులైంది. 2004 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు, ఈ దేశ నివాసి ఎవరైనా ఏడాదికి 25,000 డాలర్ల దాకా ప్రత్యేక అనుమతి లేకుండా బయటికి పంపుకోవచ్చునని ఒక పథకం పెట్టింది. మధ్యలో పెంచింది, 2013లో రూపాయి పడిపోతే తగ్గించింది, 2015లో రెండున్నర లక్షల డాలర్లకు తెచ్చింది. 2021-22లో ఒక్క చదువుల కోసమే ఈ పథకం కింద దేశం నుంచి 500 కోట్ల డాలర్లకు పైగా బయటికి పోయాయి. అంటే అనుమతి పెద్ద సమస్యగా లేదు. మిగిలింది ఖర్చు.

ముందు డబ్బు ఎట్లా పోతుందో చూద్దాం. నిజానికి డబ్బు ఎక్కడికీ పోదు. పూర్వం మాచర్ల షావుకారుకూ గుంటూరు షావుకారుకూ మధ్య ఖాతా ఉండేది. మాచర్లలో రూపాయలు కట్టించుకుని ఒక హుండీ కాగితం రాసి ఇస్తే, దాన్ని గుంటూరులో చూపి సొమ్ము తీసుకునేవారు. మూట మోసుకుని అడవిదారిన పోయే పని లేదు. ఆ ఇద్దరూ తర్వాత తీరిగ్గా లెక్క తేల్చుకునేవారు. నేటి బ్యాంకులు చేసేదీ ఇదే. మన బ్యాంకుకు న్యూయార్కులో ఏదో ఒక పెద్ద బ్యాంకులో డాలర్ల ఖాతా ఒకటి ఉంటుంది. మనం నరసరావుపేటలో రూపాయలు కడతాం. మన బ్యాంకు, "నా ఖాతాలోంచి ఇన్ని డాలర్లు తీసి ఫలానా విశ్వవిద్యాలయం ఖాతాకు జమ చెయ్యండి" అని సందేశం పంపుతుంది. ఆ సందేశాలు నడిచే దారి పేరే స్విఫ్ట్. 15 దేశాలకు చెందిన 239 బ్యాంకులు కలిసి 1973లో బ్రస్సెల్స్‌లో దాన్ని నెలకొల్పాయి. అంతకు ముందు ఆ సందేశం తంతి మీద పోయేది. మన దేశంలో టెలిగ్రాం 2013 జూలైలో కన్ను మూసినా, బ్యాంకు రేట్ల పట్టికలో ఇప్పటికీ "టి.టి. సెల్లింగ్" అని ఉంటుంది. టి.టి. అంటే టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫరే! ఆ పట్టికలో మనం చూడవలసిన గడి కూడా అదే. నోట్లు కొనే రేటు వేరు, అది ఇంకా ఎక్కువ ఉంటుంది.

సందేశం పంపడానికి బ్యాంకుకు అయ్యే ఖర్చు స్వల్పం. అందుకే చార్జీ అయిదొందలో వెయ్యో అని ధైర్యంగా చెబుతారు. అసలు సంపాదన రేటులో ఉంది. పెద్ద పెద్ద బ్యాంకులు తమలో తాము డాలర్లు కొనుక్కునే, అమ్ముకునే ధరలు రెండిటికీ నట్టనడుమ ఒక ధర ఉంటుంది. దాన్ని మధ్య రేటు అందాం. పని దినాల్లో ఎఫ్.బి.ఐ.ఎల్. అనే సంస్థ ఒక రిఫరెన్సు రేటు ప్రకటిస్తుంది. దాన్ని మధ్య రేటుకు దగ్గరి కొలబద్దగా పెట్టుకోవచ్చు. మనకు అమ్మే రేటు దీనికన్నా ఎంత ఎక్కువుంటే అంత వారి లాభం. అందులో తప్పేమీ లేదు, వ్యాపారం అన్నాక లాభం ఉంటుంది. కానీ ఆ లాభానికి రసీదులో పేరు లేదు. పాత మనియార్డరుకు ఇరవై రూపాయలకు ఒక రూపాయి కమీషను అని పల్లెటూరి ముసలమ్మకు కూడా తెలుసు; ఎక్కువే అయినా కళ్ళ ఎదుట ఉండేది. ఇక్కడ అది రేటులో కరిగిపోయింది, పాలలో నీళ్ళలాగా.

ఒక లెక్క వేద్దాం. సౌలభ్యం కోసం మధ్య రేటు డాలరుకు 90 రూపాయలనుకుందాం. అబ్బాయికి 10,000 డాలర్లు పంపాలి. మొదటి దుకాణం చార్జీ 500 రూపాయలంటుంది, రేటు 92.25 అంటుంది. రెండో దుకాణం చార్జీ 1,500 అంటుంది, రేటు 90.60 అంటుంది. మనవాళ్ళు నూటికి తొంభైమంది మొదటి దానికే పోతారు, చార్జీ మూడోవంతు కదా! ఇప్పుడు గుణించండి. మొదటి చోట డాలర్ల ఖరీదు 9,22,500. చార్జీ 500, దాని మీద జి.ఎస్.టి. 90, ఇవిగాక కరెన్సీ మార్పిడి మీద జి.ఎస్.టి. దాదాపు 920. మొత్తం 9,24,010 రూపాయలు. రెండో చోట 9,06,000, చార్జీ 1,500, దాని మీద 270, మార్పిడి జి.ఎస్.టి. దాదాపు 905. మొత్తం 9,08,675. తేడా 15,335 రూపాయలు. అవతల చేరేది మాత్రం రెండు చోట్లా అవే పదివేల డాలర్లు. ఆ డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందైతే, పోయిన పదిహేను వేలకు కూడా నెలనెలా మూడువందల చిల్లర వడ్డీ కడుతూ ఉండాలి. పొలం తాకట్టు పెట్టిన ఇంట్లో ఇది చిన్న మాట కాదు.

మార్పిడి మీద జి.ఎస్.టి. అన్నాను కనుక దాని సంగతి కూడా. అది మనం మార్చే మొత్తం మీద 18 శాతం కాదు. అట్లా అనుకుని భయపడేవారున్నారు. లక్ష రూపాయల దాకా ఒక శాతాన్నీ, లక్ష దాటిన దానికి పది లక్షల దాకా అర శాతాన్నీ, ఆపైన నూటికి పది పైసలనూ "సేవ విలువ"గా లెక్కగట్టి, ఆ విలువ మీద 18 శాతం తీసుకుంటారు. పది లక్షలు మారిస్తే 990 రూపాయలు. ఇది ఎక్కడికి పోయినా రమారమి ఒకటే కాబట్టి దీని కోసం దుకాణాలు తిరగనక్కరలేదు.

కనుక అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "నా ఖాతాలోంచి మొత్తం ఎన్ని రూపాయలు పోతాయి, అవతలి ఖాతాలో సరిగ్గా ఎన్ని డాలర్లు పడతాయి?" ఇద్దరు ముగ్గురిని ఒకే రోజు, వీలైతే ఒకే గంటలో ఈ ప్రశ్న అడిగి కాగితం మీద రాయించుకోవాలి. నిన్నటి రేటును ఇవాళ్టి రేటుతో పోల్చడం ఏ పనికీ రాదు. ఇంకో సంగతి. బ్యాంకు గోడ మీది రేటు బేరం లేని రేటు కాదు. పెద్ద మొత్తమైతే, "ట్రెజరీ నుంచి ప్రత్యేక రేటు తెప్పించండి" అని మేనేజరుగారిని అడగవచ్చు. చాలాసార్లు పావలా, అర్ధరూపాయి తగ్గుతుంది. పదివేల డాలర్ల మీద అర్ధరూపాయి అంటే అయిదు వేలు. అడగడానికి మొహమాటం దేనికి? బీరకాయల దగ్గర ఆడవాళ్ళు చేసే బేరంలో పదోవంతు ఇక్కడ చేసినా చాలు.

ప్రశ్నలో రెండో సగం, "అవతల సరిగ్గా ఎన్ని డాలర్లు పడతాయి" అన్నది, మా ఇంట్లో జరిగిన దాన్నిబట్టి చేర్చాను. మా బావ గురజాల పక్కన మిరప వేస్తాడు. మా మేనల్లుడి మొదటి సెమిస్టరు ఫీజును ఒక బ్యాంకు ద్వారా పైసాతో సహా లెక్కగట్టి పంపాడు. వారం తర్వాత కుర్రాడి ఫోను: "మామయ్యా, ఇరవై మూడు డాలర్లు తక్కువ పడినయ్యంట. రిజిస్ట్రేషన్ హోల్డులో పెట్టారు." బావకు ఒళ్ళు మండింది. "నేను మొత్తం కట్టాను గదయ్యా! దారిలో ఎవడు తిన్నాడు?" అన్నాడు. ఎవరూ దొంగిలించలేదు. మన బ్యాంకుకూ విశ్వవిద్యాలయం బ్యాంకుకూ నేరుగా ఖాతా లేకపోతే మధ్యలో ఇంకొక బ్యాంకు ఉంటుంది; అది తన కూలీ తాను పట్టుకుని మిగతాది ముందుకు పంపుతుంది. దరఖాస్తులో దీనికొక గడి ఉంది. దారి ఖర్చులన్నీ పంపేవాడివా, అందుకునేవాడివా, ఇద్దరూ పంచుకుంటారా అని మూడు ఎంపికలు. ఏమీ చెప్పకపోతే గుమాస్తా తన అలవాటు ప్రకారం "పంచుకోవడం" మీద గీత పెడతాడు. ఫీజు కట్టేటప్పుడు ఖర్చులన్నీ పంపేవాడివే అని రాయించాలి. దానికి కాస్త అదనంగా తీసుకుంటారు, ఇవ్వవలసిందే. ఆ ఇరవై మూడు డాలర్లు మళ్ళీ ఇక్కడి నుంచి పంపాలంటే చార్జీయే వాటిలో సగమయ్యేట్టుంది. చివరకు అక్కడే ఉన్న పిడుగురాళ్ళ అబ్బాయి ఒకడు తన కార్డుతో కట్టి ఆదుకున్నాడు.

బ్యాంకు కాక మిగిలిన దారుల మాట చూద్దాం. రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన విదేశీ మారక వ్యాపారులున్నారు. రేటు విషయంలో వీరు తరచు బ్యాంకు కౌంటరుకన్నా మెరుగు. అనుమతి ఉందో లేదో రిజర్వు బ్యాంకు జాబితాలో చూసుకోవాలి. ఇక అనేక విశ్వవిద్యాలయాలు తామే ఒక చెల్లింపు సంస్థను సూచిస్తాయి. అందులో ఫ్లైవైర్ అనేదాని పుట్టుక వింటే మా బావకు కొంత ఊరట కలగవచ్చు. ఎం.ఐ.టి.లో చదవడానికి వచ్చిన స్పెయిన్ యువకుడు ఇకెర్ మార్కైడే ఫీజు పంపడంలో పడ్డ తిప్పలే 2009లో ఆ సంస్థకు పునాది. ఇటువంటి దారిలో రూపాయల్లో కట్టవలసిన మొత్తం ముందే చెబుతారు, అవతల ఫీజు సంపూర్ణంగా పడుతుంది. సౌఖ్యమే, కానీ ఆ రూపాయల మొత్తంలో వారి రేటు లాభం కలిసి ఉంటుందని మరవకండి. ఆ అంకెను డాలర్లతో భాగిస్తే అసలు రేటు బయటపడుతుంది.

ఫోనులోని యాప్‌ల కథ ఇంకా సరదాగా ఉంటుంది. ఎస్టోనియా దేశస్థులు ఇద్దరు లండన్‌లో ఉండేవారు. క్రిస్టో కార్మన్‌కు జీతం పౌండ్లలో, ఊళ్ళో ఇంటి అప్పు యూరోల్లో. తావెట్ హిన్రికస్‌కు జీతం యూరోల్లో, ఖర్చు పౌండ్లలో. నీవు నా యూరో అప్పు కట్టు, నేను నీకు పౌండ్లు ఇస్తాను, మధ్య రేటు ప్రకారం అనుకున్నారు. 2011లో పుట్టిన ట్రాన్స్‌ఫర్‌వైజ్, నేటి వైజ్, దాని వ్యాపారరూపమే. మాచర్ల షావుకారు హుండీని వీళ్ళు మళ్ళీ కనిపెట్టారన్న మాట! వీరి రాకతో రేటు వేరు, చార్జీ వేరు అని విడదీసి చూపించడం కొంత అలవాటయింది. అయితే మన దేశం నుంచి సొమ్ము బయటికి పంపే ఏ యాప్ అయినా అధీకృత బ్యాంకు వెనక ఉండే పని చెయ్యాలి, పాన్ కార్డూ పంపే కారణమూ అడిగే తీరాలి. అవి అడగనివాడి దగ్గరికి పోకండి. సింగపూరు పిల్లలకు ఇంకొక వెసులుబాటు ఉంది. 2023 ఫిబ్రవరి 21న మన యు.పి.ఐ.ని అక్కడి పేనౌతో కలిపారు. ప్రారంభంలో పంపే పరిమితి రోజుకు 60,000 రూపాయలు. నెల ఖర్చులకు బాగుంటుంది, ఫీజులకు చాలదు. ఇక్కడి మామూలు డెబిట్ కార్డును అక్కడ గీకడం మాత్రం ఖరీదైన సుఖం. చాలా కార్డుల మీద మూడు శాతం, మూడున్నర శాతం అదనం.

ప్రపంచమంతటా ఈ ఖర్చు బాధ ఉన్నదే. వలస కూలీలు ఇంటికి పంపే చిన్న మొత్తాల మీద సగటున ఆరు శాతం పైచిలుకు పోతున్నదని ప్రపంచ బ్యాంకు లెక్కలు. 2030 నాటికి దాన్ని మూడు శాతం లోపుకు దించాలని ఐక్యరాజ్య సమితి లక్ష్యం. అది పెద్దల సంగతి. మన ఊరి రైతుకు ప్రత్యేకించి తగిలే దెబ్బ మరొకటుంది, అది పన్ను.

విదేశాలకు పంపే సొమ్ము ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక హద్దు దాటితే, బ్యాంకు ముందుగానే ఆదాయపు పన్ను కింద కొంత వసూలు చేసి ప్రభుత్వానికి కడుతుంది. టి.సి.ఎస్. అంటారు. 2020 అక్టోబరులో మొదలైనప్పుడు హద్దు ఏడు లక్షలు. 2025 ఏప్రిల్ 1 నుంచి పది లక్షలు. 2025-26లో సొంత డబ్బుతో చదువు కోసం పంపినవారి దగ్గర పది లక్షలు దాటిన దాని మీద 5 శాతం తీసుకున్నారు. బ్యాంకు విద్యారుణంతో పంపితే 2025 ఏప్రిల్ నుంచి ఇది లేదు. రేట్లు బడ్జెట్టు బడ్జెట్టుకూ మారే సరుకు, కట్టే రోజున కనుక్కోవాలి. ఆ ఏడాది 22 లక్షలు పంపిన తండ్రికి 12 లక్షల మీద 60,000 రూపాయలు ఇట్లా పోయాయి. పోయాయి అన్నాను గాని, ఇవి ఖర్చు కావు. ఆయన పాన్ నంబరు మీద ప్రభుత్వం దగ్గర జమగా ఉంటాయి. రిటర్ను వేస్తే కట్టవలసిన పన్ను పోను మిగిలింది తిరిగి ఇస్తారు.

చిక్కు ఎక్కడంటే, వ్యవసాయాదాయం మీద పన్ను లేదు కనుక మన రైతు జన్మలో రిటర్ను వేసి ఎరగడు. "మాకు టాక్సుతో పనేందయ్యా" అంటాడు. ఆ అరవై వేలు అక్కడే ఉండిపోతాయి. పన్ను కట్టవలసిన అవసరం లేనివాడు కూడా తన సొమ్ము వెనక్కి తెచ్చుకోవడానికి రిటర్ను వేయాలి, అదీ గడువులోపల. కామర్సు విద్యార్థి మిత్రులు తమ ఊళ్ళో ఇట్టి తండ్రులు పదిమందికి ఈ పని చేసిపెడితే ఎంత ఉపకారం! జీతగాళ్ళైన మా వంటి అధ్యాపకులకు తిప్పలు తక్కువ. 2024 అక్టోబరు నుంచి, టి.సి.ఎస్. కట్టామని ఆఫీసులో తెలియజేస్తే జీతంలో కోసే పన్నులో సర్దుబాటు చేస్తారు.

పది లక్షల హద్దు మనిషికి, ఆర్థిక సంవత్సరానికి. ఎన్ని బ్యాంకుల ద్వారా పంపినా కలిపే లెక్కిస్తారు. ఆగస్టు ఫీజూ, జనవరి ఫీజూ ఒకే సంవత్సరంలో పడతాయి. మార్చి దాటి కట్టేది కొత్త సంవత్సరంలోకి పోతుంది. తల్లి పేర పాన్ కార్డూ, ఆమె సొంత సొమ్మూ ఉంటే ఆమె హద్దు ఆమెకు వేరు.

ఇంతా విన్నాక, "ఈ పాన్‌లూ ఫారాలూ ఎందుకు మాస్టారూ, ఫలానాయన మధ్య రేటుకే ఇస్తాడంట, గుంటూరులో రూపాయలిస్తే సాయంత్రానికి అక్కడ డాలర్లు పడతయ్యంట" అనేవారు ఉండనే ఉంటారు. హవాలా! పద్ధతి చూస్తే అదీ హుండీ లాంటిదే, స్విఫ్ట్ లాంటిదే. తేడా ఏమిటంటే, మీ అబ్బాయి ఖాతాలో డాలర్లు వేసే అజ్ఞాత వ్యక్తికి ఆ డాలర్లు ఎక్కడివో మీకు తెలియదు. ఏ మోసపు సొమ్మో అయితే ఖాతా స్తంభించేది పిల్లవాడిది, విచారణకు నిలబడేది పిల్లవాడు. ఇక్కడ తండ్రికి ఫెమా చట్టం కింద పంపిన సొమ్ముకు మూడు రెట్ల దాకా జరిమానా పడవచ్చు. దీనికి తోడు, "నీ ఫీజు నేను కడతాను, నాకు పది శాతం తగ్గించి ఇవ్వు" అని విద్యార్థులకు వల వేసేవారు బయలుదేరారు. వాళ్ళు కట్టేది దొంగిలించిన క్రెడిట్ కార్డులతో. మొదట రసీదు వస్తుంది, నెల తిరిగేసరికి కార్డు అసలు యజమాని ఫిర్యాదుతో విశ్వవిద్యాలయం ఆ చెల్లింపును రద్దు చేస్తుంది. ఫీజూ పోయింది, వాడికిచ్చిన డబ్బూ పోయింది, చదువు ప్రశ్నార్థకం.

ఆఖరుగా కాలం సంగతి. ఊళ్ళో ఉన్న ప్రతి బ్యాంకు శాఖకూ విదేశీ మారకం పని ఉండదు. చిన్న శాఖలు కాగితాలు తీసుకుని పెద్ద శాఖకు పంపుతాయి. అక్కడ ఒక సంతకం తక్కువైతే వెనక్కి వస్తాయి. ఏ-2 ఫారం, పాన్, ప్రవేశ పత్రం, ఫీజు బిల్లు, పాస్‌పోర్టు నకలు, విద్యార్థి ఐ.డి. నంబరు అన్నీ ఒక కట్టగా పట్టుకుపోవాలి. "చదువు నిమిత్తం" అన్న కారణం కోడు సరిగా పడిందో లేదో చూసుకోవాలి; అది తప్పితే టి.సి.ఎస్. లెక్కే మారిపోతుంది. పని కాగానే స్విఫ్ట్ కాపీ అడిగి తీసుకోవాలి. డబ్బు దారిలో చిక్కితే వెతకడానికి అదే ఆధారం. శని ఆదివారాల్లో మార్కెట్టు మూసి ఉంటుంది గనుక ఆ రోజుల్లో రేటు చెప్పేవాడు తన జాగ్రత్త కొద్దీ ఎక్కువే చెబుతాడు. గడువుకు పది రోజుల ముందుంటే మూడు చోట్ల అడగడానికి తీరిక ఉంటుంది. ఒక్క రోజు ముందైతే మొదట ఎవడు ఎంతంటే అంతే.

రెండో సెమిస్టరుకు మా బావ నన్ను పిలవలేదు. నరసరావుపేటలో రెండు చోట్ల, గుంటూరులో ఒక చోట తానే అడిగి, సిగరెట్టు పెట్టె అట్ట మీద మూడు అంకెలు రాసుకుని వచ్చాడు. మూడోచోట కౌంటరులో అమ్మాయి, "చార్జీ ఏమీ లేదండీ, జీరో" అన్నదట. "అదంతా ఎందుకులేమ్మా, అవతల ఎన్ని పడతయ్యో చెప్పు" అన్నాడట. ఆ అమ్మాయి లోపలికి పోయి మేనేజరును అడిగి వచ్చి, రేటు నలభై పైసలు తగ్గించింది.